పాలు వేడివా, చల్లనివా: గింజను బట్టి తేల్చుకుందాం

సంపాదకులు గారికి,

నమస్కారములు. మీ పత్రిక కుటుంబ పేజీలో ఉదయపు అల్పాహారం గురించి ఇటీవల వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. కార్న్‌ఫ్లేక్స్‌లో వేడి పాలు పోసుకొని మెత్తబరచి తినడం మనవాళ్ళ తెలియనితనమని, చల్లని పాలు పోసి కరకరలాడుతుండగానే తినడం ఒక్కటే సరైన పద్ధతని ఆ వ్యాసకర్త తేల్చేశారు. కొద్ది రోజులకే అదే పేజీలో మరొక పాఠకురాలు దానికి జవాబు రాస్తూ, ప్యాకెట్టులో వచ్చేదంతా చెత్త తిండేనని, చోడి (రాగి) అంబలి తాగి పెరిగిన వారి ఆరోగ్యమే వేరని వాదించారు. ఇద్దరి మాటలూ నాకు సగమే నచ్చాయి. పాలు వేడిగా ఉండాలా చల్లగా ఉండాలా అన్న ప్రశ్న దేశాన్ని బట్టో, హోదాను బట్టో తేలేది కాదని, గిన్నెలో ఉన్న గింజ మన ఇంటికి రాకముందు ఎంతవరకు ఉడికింది, ఎంతవరకు ఎండింది అన్నదాన్ని బట్టి తేలవలసినదని నా అభిప్రాయం. లేఖ కొంచెం పొడవైనా ప్రచురిస్తారని ఆశిస్తున్నాను.

నేను ఉక్కు కర్మాగారంలో షిఫ్టు ఉద్యోగం చేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. రాత్రి షిఫ్టు దిగి వచ్చిన మనిషికి పిండి రుబ్బి, ఇడ్లీ పాత్ర పొయ్యి మీద పెట్టి, చట్నీ నూరేదాకా ఆగే ఓపిక ఉండదు. అలాగని ఇంట్లో వాళ్ళను తెల్లవారకుండా లేపడమూ న్యాయం కాదు. అందువల్ల పాలతోనో మజ్జిగతోనో కలుపుకొని నిమిషాల్లో తినగలిగే గింజల తిండి మా ఇంట్లో ఫ్యాషన్‌గా కాక అవసరంగా వచ్చింది. కార్న్‌ఫ్లేక్స్, అటుకులు, మురీలు (మరమరాలు), ఓట్స్, చోడి పిండి, ఇవన్నీ మా వంటింటి అరలో ఒకే వరుసలో ఉంటాయి. ఏది ఏ రోజు అన్నది ఆ పూట ఆకలిని బట్టి, వాతావరణాన్ని బట్టి, నిజం చెప్పాలంటే ఫ్రిజ్‌లో పాలు ఎన్ని మిగిలాయన్నదాన్ని బట్టి ఉంటుంది.

ముందుగా కార్న్‌ఫ్లేక్స్ సంగతి. మొక్కజొన్న గింజ మీది పొట్టునూ, లోపలి మొలక భాగాన్నీ తీసివేసి, మిగిలిన నూకను చక్కెర, ఉప్పు, మాల్టు (మొలకెత్తించిన బార్లీ సారం) కలిపిన నీటితో ఆవిరి పీడనం మీద మెత్తగా ఉడికిస్తారు. ఉడికిన నూకను విడదీసి, కొంత ఆరనిచ్చి, బరువైన ఉక్కు రోలర్ల మధ్య నలిపి రేకులుగా చేసి, బాగా కాగిన గాలిలో కాలుస్తారు. రోలింగ్ మిల్లు పక్కన ఉద్యోగం వెళ్ళబుచ్చిన నాకు ఈ రోలర్ల వ్యవహారం మీద కొంచెం మమకారం ఉన్నదని ఒప్పుకోవాలి. ఆ కాల్పులో రేకులోపలి తడి ఒక్కసారిగా ఆవిరై బయటికి తన్నుకు రావడం వల్లనే దాని మీద చిన్న చిన్న బుడిపెలు లేస్తాయి. ఒక రేకును తీసుకొని కిటికీ వెలుగుకు ఎదురుగా పట్టి చూస్తే ఆ బుడిపెల దగ్గర అది ఎంత పలచగా ఉందో కనిపిస్తుంది. పెట్టెలోకి ఎక్కేనాటికి దానిలో మిగిలే తేమ నూటికి మూడు పాళ్ళ దరిదాపుల్లో ఉంటుంది. అంటే మన ఇంటికి వచ్చే రేకు ఇప్పటికే పూర్తిగా ఉడికినది, ఆపైన పూర్తిగా ఎండినది. వేడి పాలు దానికి చేయవలసిన పని ఏదీ లేదు. పాలు తగలగానే అందులోని నీరు సన్నని రంధ్రాల గుండా లోపలికి చేరి పిండిపదార్థపు బిగువును సడలిస్తుంది. పాలు ఎంత వేడిగా ఉంటే ఆ పని అంత త్వరగా జరుగుతుంది. ఇంతవరకు వ్యాసకర్తతో నాకు పేచీ లేదు.

అయితే కరకరలాడడమే ఈ తిండికి ప్రాణమన్నట్లు ఆయన రాసినది మాత్రం దీని చరిత్రకు నిలవదు. అమెరికాలో ఇటువంటి తిండికి ఆద్యుడు జేమ్స్ కేలబ్ జాక్సన్ అనే వైద్యుడు. న్యూయార్క్ రాష్ట్రంలోని డాన్స్‌విల్ అనే ఊళ్ళో ఆయన 1863లో గ్రాన్యులా పేరుతో గోధుమపిండి బిళ్ళలను రెండుసార్లు కాల్చి పొడి చేయించాడు. అది ఎంత గట్టిగా ఉండేదంటే, రాత్రంతా పాలలో నానబెడితే తప్ప తెల్లవారి నమలడానికి వీలయ్యేది కాదు. ఆ తరువాత 1894లో మిషిగన్ రాష్ట్రం బాటిల్ క్రీక్‌లోని ఆరోగ్య నిలయంలో జాన్ హార్వే కెలాగ్, ఆయన తమ్ముడు విల్ కీత్ కెలాగ్ ఉడికి నిలవపడిన గోధుమలను రోలర్లలో వేయగా అవి రేకులుగా విడిపోయాయి. దానికి 1896లో పేటెంటు కూడా వచ్చింది. మొక్కజొన్న రేకులను పెద్ద ఎత్తున అమ్మడానికి తమ్ముడు 1906లో వేరే కంపెనీ పెట్టుకొన్నాడు. రేకుల్లో చక్కెర కలపాలని తమ్ముడు, వద్దని అన్న పట్టుబట్టడం ఆ అన్నదమ్ముల తగాదాకు ఒక కారణమంటారు. ఇంచుమించు అదే కాలంలో, 1900 ప్రాంతంలో, స్విట్జర్లాండులోని జ్యూరిక్‌లో బిర్కర్ బెన్నర్ అనే వైద్యుడు తన రోగులకు పెట్టిన మ్యూస్లీ కూడా నానబెట్టిన ఓట్సే; దానిలో తురిమిన ఆపిల్‌పండు ముఖ్యం, ఓట్స్ కొద్దిపాటివే. నానిన తిండిని చూసి మనం సిగ్గుపడవలసిన అవసరం ఎంతమాత్రం లేదని చెప్పడానికే ఇదంతా రాశాను.

ఇక మన దేశంలో వేడి పాల అలవాటు. కెలాగ్ కంపెనీ 1994లో భారతదేశంలోకి వచ్చింది. అంతకు ముందే మోహన్ మీకిన్ వారి కార్న్‌ఫ్లేక్స్ మన దుకాణాల్లో దొరికేవి. కొత్త కంపెనీ చల్లని పాలను దృష్టిలో పెట్టుకొని రేకులను అమ్మబోగా, జనం అలవాటు ప్రకారం వేడి పాలు పోశారు, రేకులు ముద్దయ్యాయి, అమ్మకాలు అనుకొన్నంతగా సాగలేదు. ఈ కథను మేనేజ్‌మెంటు కళాశాలల్లో ఇప్పటికీ పాఠంగా చెబుతారు. పాఠం చెప్పేవారు దీనిని అలవాటు అని ఒక్క మాటలో దాటవేస్తారు గాని, ఆ అలవాటుకు వెనుక కారణం ఉంది. డెయిరీలో పాలను 72 డిగ్రీల సెల్సియస్ వద్ద 15 సెకన్లు ఉంచి వెంటనే చల్లబరచి ప్యాకెట్టు కడతారు. అక్కడి నుంచి మన ఫ్రిజ్ దాకా చల్లదనం చెడకుండా వస్తే ఆ పాలను మళ్ళీ కాచనవసరం లేదు. కాని విశాఖ వంటి ఊళ్ళో తెల్లవారుజామున గేటుకు తగిలించిన సంచిలో ప్యాకెట్టు పడి, ఇంట్లో వాళ్ళు నిద్ర లేచి తీసుకొనేసరికి మే నెలలో అది ఎంత వెచ్చబడుతుందో తెలిసిన ఇల్లాలు ఎవరూ కాచకుండా పిల్లల నోటికి పాలు అందించరు. కాచిన పాలు కాచినట్లే గిన్నెలో పోయడం ఆ జాగ్రత్తకు కొనసాగింపు. దానిని తెలియనితనం అనడం నాకు నచ్చలేదు.

నా పద్ధతి చెబుతాను. ముందురోజు సాయంత్రం కాచిన పాలను చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టి, పొద్దున్న పైన కట్టిన మీగడను చెంచాతో ఒక పక్కకు తీసేస్తాను. మీగడ తీయకుండా పోస్తే అది రేకులకు అట్టలా చుట్టుకొని, ఒక ముద్దలో నాలుగు రేకులు అతుక్కొని వస్తాయి. ఈ ఒక్క కారణం వల్లనే మా ఆవిడ కార్న్‌ఫ్లేక్స్‌కు దూరంగా ఉంటుంది. రేకులను గిన్నెలో సగం వరకే వేసి, పాలను గిన్నె అంచు వెంబడి పోసి, పైన రేకులు కొన్ని పొడిగా ఉండేలా చూసుకొని, అవి అయ్యాక మళ్ళీ కొన్ని వేసుకొంటాను. ముందు పాలా ముందు రేకులా అన్న తగాదాను మా మనవలు ఇంట్లో లేవదీశారు గాని, విడతలుగా వేసుకొనేవాడికి ఆ తగాదాతో పని లేదు. పాలలో వెన్న శాతం కూడా చూసుకోవాలి. టోన్డ్ పాలలో 3 శాతం, ఫుల్ క్రీం పాలలో 6 శాతం వెన్న ఉండాలని ప్రమాణం. చిక్కని పాలలో రేకులు కాస్త నిదానంగా నానుతాయి, రుచీ బాగుంటుంది. నా వయసుకు మాత్రం టోన్డ్ పాలే చాలునని డాక్టరు గారు అన్నారు, అదే పాటిస్తున్నాను. అరటిపండు ముక్కలు తప్పనిసరి. చక్కెరకేళి అయితే వేరే చక్కెర వేసే పనే ఉండదు.

గిన్నె అడుగున మిగిలిన పాలను పారబోయవద్దని మాత్రం అందరికీ చెబుతాను. చాలా రకాల రేకుల మీద బి విటమిన్లను కాల్చిన తరువాత పైపూతగా చల్లుతారు, ఎందుకంటే కొలిమి వేడికి వాటిలో కొన్ని నశిస్తాయి. అవి నీటిలో కరిగేవి కనుక, రేకుల మీద నుంచి పాలలోకి దిగిపోతాయి. పాలను వదిలేసిన వారు కొన్నదానిలో కొంత వదిలేసినట్లే. ఇనుమును సన్నని లోహపు పొడిగా కలిపిన రకాలు కొన్ని ఉంటాయి, వాటిని నీళ్ళలో మెత్తగా నలిపి బలమైన అయస్కాంతాన్ని తిప్పితే దాని అంచున నల్లని నూగు అంటుకోవడం కనిపిస్తుంది. పిల్లలకు సెలవుల్లో చేసి చూపించదగిన పరిశోధన ఇది. అయితే ఆ ఇనుము ఒంటికి పట్టాలంటే పక్కనే టీ తాగకూడదు. భోజనానికి గంట ముందు, గంట తరువాత టీ కాఫీలు మానాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ తన మార్గదర్శకాల్లో చెప్పింది. ఒక చేత గిన్నె, మరొక చేత టీ గ్లాసు పట్టుకొని తినే మా ఊరి అలవాటుకు ఇది కష్టమైన నియమమే.

సముద్రం ఒడ్డున ఉన్న ఊరు కాబట్టి మాకు ఇంకొక చిక్కు ఉంది. లోపలి కవరు ఒకసారి కత్తిరించిన తరువాత వానాకాలంలో రెండు మూడు రోజులకే రేకులు, మూత పెట్టని డబ్బాలోని అప్పడాల మాదిరిగా, మెత్తబడి సాగుతాయి. పాలు పోయకముందే కరకర పోయిన రేకులకు చల్లని పాలు పోసినా వేడి పాలు పోసినా ఒకటే. ప్యాకెట్టును విప్పిన వెంటనే బిగుతు మూత ఉన్న స్టీలు డబ్బాలోకి వంపి, వాడినప్పుడల్లా తడి చెయ్యి తగలకుండా పొడి గరిటెతో తీస్తే నిలుస్తాయి. మెత్తబడినవాటిని మూకుడులో నూనె లేకుండా సన్నని మంట మీద కాసేపు తిప్పి, పూర్తిగా చల్లారనిచ్చి డబ్బాలో పోసుకొంటే మళ్ళీ బిగుస్తాయి. వేడిగా ఉండగా మూత పెడితే మాత్రం ఆవిరి చెమ్మకు ఉన్నదీ పోతుంది. పెద్ద ప్యాకెట్టు చవకని కొనేవారు ఈ ఊళ్ళో ఈ సంగతి ఆలోచించుకోవాలి.

వేడి పాలు, మెత్తని ముద్ద కావాలనుకొనేవారికి అందుకు తగిన గింజ మన దగ్గర ఎప్పటినుంచో ఉంది, అదే అటుకులు. వడ్లను నానబెట్టి, వేయించి, వేడి తగ్గకముందే అణచి రేకు చేసినవి అవి. ఒకప్పుడు రోకటితో దంచేవారు, ఇప్పుడు మిల్లుల్లో అణుస్తున్నారు. కార్న్‌ఫ్లేక్స్‌లా వీటిని చివరన కాల్చరు, అందువల్ల వీటిలో కరకర అసలే లేదు. తడి తగిలితే మెత్తబడడమే వీటి గుణం. కుచేలుడు మూట కట్టుకొని వెళ్ళినవాటికి కృష్ణుడు పాలు అడిగినట్లు ఎవరూ చెప్పలేదు గాని, మా ఇంట్లో కృష్ణాష్టమికి అటుకులు పాలలోనే పడతాయి. దళసరి అటుకులను చిల్లుల గిన్నెలో వేసి ఒకసారి నీళ్ళు పోసి కడిగి, పది నిమిషాలు అలాగే వదిలేస్తే గింజ విరగకుండా లోపలిదాకా నానుతుంది. అప్పుడు గోరువెచ్చని పాలు పోయాలి. పలచని అటుకులైతే కడగగానే పేస్టు అవుతాయి, అవి పాలకు పనికిరావు, పోపు పెట్టుకోవడానికి ఉంచుకోవాలి.

బెల్లం విషయంలో అనకాపల్లి పక్కన ఉండి కూడా చాలామంది పొరపడతారు. పొయ్యి మీద కాగుతున్న పాలలో బెల్లం వేస్తే దానిలోని పులుపు గుణానికి పాలు విరుగుతాయి. పరమాన్నం వండే ప్రతి ఇంట్లోనూ ఈ సంగతి తెలుసు, అయినా పొద్దున్న తొందరలో మరిచిపోతారు. పాలు వేలు పెట్టి ఓర్చుకోగలిగినంత చల్లారిన తరువాత, తురిమిన బెల్లాన్ని అటుకుల మీద చల్లి కలిపితే విరగవు. మెరిసే లేత రంగు అచ్చు కంటె ముదురు గోధుమ రంగు బెల్లమే నేను కొంటాను, ఎందుకంటే లేత రంగు కోసం రసాయనాలు కలిపి తేర్చే అలవాటు కొన్నిచోట్ల ఉన్నది. బెల్లమైతే ఎంతైనా తినవచ్చునన్న మాటను మాత్రం నేను ఒప్పుకోను. అందులో అత్యధిక భాగం చక్కెరే.

మా అమ్మ చివరి రోజుల్లో పళ్ళు లేక, మనవలు తినే కార్న్‌ఫ్లేక్స్‌నే వేడి పాలలో నానబెట్టించుకొని, చెంచాతో చిదిపి తినేది. ఆవిడకు ఆ రుచి నచ్చింది, మేము కాదనలేదు. అయినా కరకర అక్కరలేని మనిషికి కరకర కోసం అంత శ్రమపడి కాల్చిన రేకు ధర చెల్లించడం నాకు లెక్కకు సరిపోని పనిగా తోస్తుంది. ఇప్పుడు ప్యాకెట్టు మీద గ్రాముకో కిలోకో ధర ఎంత పడుతుందో కూడా ముద్రించాలన్న నిబంధన ఉంది. సూపర్ మార్కెట్టులో కార్న్‌ఫ్లేక్స్ ప్యాకెట్టును, దాని పక్కన అటుకుల ప్యాకెట్టును పెట్టి ఆ ఒక్క గడిని చూస్తే చాలు, పెద్దవాళ్ళ కోసం ఏది కొనాలో తేలిపోతుంది.

మురీల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. బీచ్ రోడ్డు మీద ఉల్లిపాయ, నిమ్మరసం కలిపిన మురీ మిక్చర్ తినని విశాఖవాసి ఉండడు. పాలలో వేసుకొనేటప్పుడు ఇవి కార్న్‌ఫ్లేక్స్ జాతివే, అంతకంటె త్వరగా మెత్తబడతాయి. చల్లని పాలు, పిడికెడు చొప్పున వేసుకొంటూ తినడం, అంతే.

ఓట్స్ మీద మాత్రం నాకు వ్యాసకర్తతో నిజమైన విభేదం ఉంది. ఓట్స్ ఏ రకమైనా ఒకటే అన్నట్లు ఆయన రాశారు. ఆవిరి పట్టి దళసరిగా అణచిన ఓట్స్ వేరు, వాటినే పలచగా నలిపి, ముక్కలు చేసి, రెండు నిమిషాల్లో ఉడికేలా తయారుచేసినవి వేరు. తిన్న తరువాత రక్తంలో చక్కెర ఎంత వేగంగా పెరుగుతుందో కొలిచే గ్లైసిమిక్ సూచీ అనే లెక్కను 1981లో టొరంటోలో డేవిడ్ జెంకిన్స్, ఆయన తోటివారు ప్రతిపాదించారు. గ్లూకోజును 100గా పెట్టుకొని వేసే ఈ లెక్కలో 70, అంతకు పైన ఉంటే ఎక్కువ అంటారు. 2008లో వెలువడిన అంతర్జాతీయ పట్టిక ప్రకారం దళసరి ఓట్స్ జావ సూచీ సగటున 55, తక్షణం ఉడికే ఓట్స్ జావది 79, కార్న్‌ఫ్లేక్స్‌ది 81. మా కాలనీలో మధుమేహం ఉన్నవారు ఎందరో కార్న్‌ఫ్లేక్స్ మానేసి, మసాలా పొడి కలిపిన తక్షణ ఓట్స్‌కు మారి ఆరోగ్యం బాగుచేసుకొన్నామని తృప్తిపడుతున్నారు. వారు మారినది 81 నుంచి 79కి. గింజ పేరు కాక, దాన్ని ఎంత నలిపారన్నది ఇక్కడ లెక్కకు వస్తుంది.

దళసరి ఓట్స్‌ను నేను పాలలో తినను. నీళ్ళలో ఉప్పు వేసి ఉడికించి, పూర్తిగా చల్లారిన తరువాత పలచని మజ్జిగ కలిపి, ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు, ఇంగువ పోపు పెట్టుకొంటాను. వేడిగా ఉండగా మజ్జిగ పోస్తే విరిగినట్లయి నీరు తేలుతుంది. పక్కన ఒక మాగాయ ముక్క ఉంటే మధ్యాహ్నం దాకా ఆకలి గుర్తుకు రాదు. స్కాట్లాండు వారు ఓట్స్ జావలో ఉప్పే వేసుకొంటారని, చక్కెర వేసేవారిని చిన్నచూపు చూస్తారని వినికిడి. ఆ లెక్కన మన పద్ధతి వారికి మరీ దూరం కాదు.

చివరగా చోడి, అదే రాగి. పాఠకురాలు రాసినట్లు ఇది గొప్ప గింజే. భారతీయ ఆహార పదార్థాల విశ్లేషణ పట్టికలు, 2017 ప్రకారం 100 గ్రాముల రాగిలో సుమారు 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది. అంతే బరువు ఆవుపాలలో ఉన్నదానికి ఇది మూడు రెట్లు. మనకు పొరుగునే ఉన్న విజయనగరం వ్యవసాయ పరిశోధన కేంద్రం వారు చంపావతి, వేగావతి వంటి నదుల పేర్లు పెట్టి చోడి వంగడాలను విడుదల చేశారు. వాటిలో వేగావతికి ఇనుము ఎక్కువగా ఉన్న రకంగా గుర్తింపు ఉంది. రాష్ట్రంలోని ప్రభుత్వ పాఠశాలల్లో 2023 నుంచి వారానికి మూడు రోజులు పిల్లలకు రాగి జావ ఇవ్వడం మొదలుపెట్టారు. ఇదంతా సంతోషమే. కాని మంచి గింజ అయినంత మాత్రాన ఎలా వండినా మంచిదేనని అనుకోకూడదు. గ్లాసు జావలో నాలుగు చెంచాల చక్కెర వేసి పిల్లవాడికి ఇచ్చి, ప్యాకెట్టు తిండి కంటె మేలని సంతోషించేవారిని చూశాను.

చోడి పిండిని మొదట చన్నీళ్ళలో ఉండలు లేకుండా కలుపుకొని, తరువాత మరుగుతున్న నీటిలో సన్నని ధారగా పోస్తూ ఆపకుండా కలపాలి. పిండిని నేరుగా మరిగే నీటిలో వేస్తే పైన ఉడికి లోపల పచ్చిగా మిగిలిన ఉండలు తేలి, ఎంత తిప్పినా విడవవు. రంగు ముదిరి, గరిటె వెనుక జావ పలచని పూతగా నిలిచి, పచ్చి వాసన పోయేదాకా ఉడికించాలి. ఈ గింజ ఎక్కువగా పచ్చి పిండిగానే మన దగ్గరకు వస్తుంది, ఉడకడం అంతా మన పొయ్యి మీదే జరగాలి, కనుక ఇక్కడ వేడి తప్పనిసరి. రాత్రి వండిన జావను మూత పెట్టి పులవనిచ్చి, పొద్దున్న మజ్జిగ, ఉప్పు, పచ్చి ఉల్లిపాయతో తాగే అంబలి నాకు అన్నిటికంటె ఇష్టం. పులియడం వల్ల గింజలో పోషకాలను బిగించి పట్టుకొనే ఫైటేట్లు కొంత తగ్గి, ఇనుము, కాల్షియం ఒంటికి పట్టడం సులభమవుతుంది. పొద్దుటి నడక ముగించి అంబలి బండి దగ్గర నిలబడి తాగేవారిలో పల్లె నుంచి వచ్చిన పెద్దలతో పాటు ఈమధ్య కాలేజీ పిల్లలు కూడా కనిపిస్తున్నారు. వారికి అమ్మే బండివాళ్ళు చక్కెర వేయాలా, ఉప్పు వేయాలా అని అడిగి మరీ ఇస్తున్నారు; ఆ విచక్షణ పత్రికల వ్యాసాల్లో లేకపోవడమే నా బాధ.

చక్కెర గురించి నా కోరిక మీ పత్రికకే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన సలహా ప్రకారం రోజు మొత్తం మీద తినే శక్తిలో కలుపుకొన్న చక్కెర వాటా నూటికి పది పాళ్ళకు లోపు ఉండాలి, ఐదుకు లోపు ఉంటే ఇంకా మేలు. 2,000 కేలరీలు తినే మనిషికి ఆ ఐదు పాళ్ళంటే 25 గ్రాములు, ఇంచుమించు ఆరు చెంచాలు. 100 గ్రాములకు 30 గ్రాముల చక్కెర ఉన్న పిల్లల చాక్లెట్ రకం రేకులను ప్యాకెట్టు మీద చెప్పిన ప్రకారం 30 గ్రాములే తూచి వేసినా, అందులో 9 గ్రాములు చక్కెరే. మా మనవడి గిన్నెలో పడేది ఆ కొలతకు ఎంత పైన ఉంటుందో వంటింటి త్రాసు మీద ఒకసారి చూస్తే పెద్దలకు నమ్మకం కుదురుతుంది. ప్యాకెట్టు వెనుక పదార్థాలను బరువు ఎక్కువ ఉన్నదాని నుంచి తక్కువ ఉన్నదానికి వరుసగా రాయాలి కనుక, చక్కెర ఆ వరుసలో రెండో స్థానంలో ఉందా, ఐదో స్థానంలో ఉందా అన్నది చదువుకొన్న ఎవరైనా క్షణంలో పట్టగలరు. అక్షరాలు మరీ చిన్నవి, ఎక్కువగా ఇంగ్లీషులో ఉండడం మాత్రం మా వంటి వృద్ధులకు ఇబ్బంది.

అందువల్ల కుటుంబ పేజీలో ఇకపై ఏ అల్పాహారం గురించి రాసినా, వండే పద్ధతితో పాటు ఒక పెట్టెలో నాలుగు వివరాలు తెలుగులో ముద్రించమని కోరుతున్నాను. 100 గ్రాములకు చక్కెర ఎంత, ఉప్పు ఎంత, ఆ గింజ ఇప్పటికే ఉడికినదా లేక మనం ఉడికించవలసినదా, పాలు పోస్తే వేడివా చల్లనివా. వీలైతే మొదటి విడతలో అటుకులను, కార్న్‌ఫ్లేక్స్‌ను, దళసరి ఓట్స్‌ను, చోడి పిండిని పక్కపక్కన పెట్టి చూపండి. ఏదో ఒక వంటింట్లో పలచని అటుకులు పాలలో వేసి ముద్దయ్యాయని ఆ పేజీ మీద విసుక్కునేవారు ఉంటారు కనుక, అటుకుల దగ్గర దళసరి అన్న మాటను కొంచెం పెద్ద అక్షరాల్లో వేయించగలరు.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉద్యోగి,
కూర్మన్నపాలెం, విశాఖపట్నం.